యూరప్ సినిమాలలో వలస కుటుంబాలు: ఏవి చూడాలి, ఎలా చూడాలి

సందేహం: మావారికి జర్మనీలో ఉద్యోగం వచ్చింది. బ్లూ కార్డుపై (ఉన్నత చదువు గల విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మేమూ, మా ఆరేళ్ళ పాపా వెళుతున్నాము. అక్కడి జీవితం తెలుస్తుందని కొన్ని యూరప్ సినిమాలు చూస్తే, వలస వచ్చిన వారందరివీ కన్నీటి కథలే. వాటిని నమ్మవచ్చునా?

సమాధానం: నమ్మవచ్చును, కాని అది ఎవరి కథో ముందుగా గమనించాలి. 1991లో ఉత్తమ విదేశీ భాషా చిత్రంగా ఆస్కార్ పొందిన స్విస్ చిత్రం ‘జర్నీ ఆఫ్ హోప్’లో, తుర్కియే (టర్కీ) పల్లెకు చెందిన ఒక కుటుంబం స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పోస్టుకార్డును చూసి మురిసి, పొలమూ పశువులూ అమ్ముకొని, పిల్లలలో ఒక్కణ్ణే వెంటబెట్టుకొని దొంగదారిన ఆల్ప్స్ పర్వతాలు దాటబోయి, ఆ కొడుకును కూడా చలికి పోగొట్టుకుంటుంది. వీసాతో విమానమెక్కే మీది ఆ దారి కాదు. పోస్టుకార్డు మాత్రం మనకూ ఉన్నది. ముందు వచ్చినవారి వాట్సాప్ స్టేటస్‌లలో మంచు కనబడుతుంది గాని, ఇంటి అద్దె కనబడదు.

2015లో కేన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచిన ‘దీపన్’లో శ్రీలంక యుద్ధం నుంచి తప్పించుకోవడానికి, పరస్పరం ఏమీ కాని ముగ్గురు ఒకే కుటుంబమని చెప్పుకొని ఫ్రాన్సు చేరుతారు. మాటలు చాలావరకు తమిళమే కనుక మనకు దగ్గరగా తోస్తుంది. చివరి తుపాకుల మోత మాత్రం, నా దృష్టిలో, పారిస్ శివార్లలో నెమ్మదిగా బతికే కుటుంబాలకు అన్యాయమే చేసింది.

పాపతో కలిసి చూడదగినది ‘అల్మాన్యా’ (2011). 1960ల్లో జర్మనీకి కూలికి వచ్చిన తుర్కియే తాతగారి కుటుంబ కథ ఇది. వారు కొత్తగా వచ్చినప్పుడు జర్మన్లు అర్థంపర్థం లేని శబ్దాలు పలుకుతున్నట్లు వినిపిస్తుంది. మొదటి నెలల్లో మీకూ అచ్చం అలాగే ఉంటుంది.

అయితే మీరు తప్పక చూడవలసినది ‘ఫాతిమా’ (2015). ఫ్రాన్సులో ఇళ్ళూ కార్యాలయాలూ శుభ్రం చేసే ఉత్తర ఆఫ్రికా తల్లి అరబిక్‌లో మాట్లాడితే కూతుళ్ళు ఫ్రెంచిలో బదులిస్తారు. పెద్దది వైద్యవిద్య చదువుతుంది, చిన్నది తల్లి పనిని చూసి సిగ్గుపడుతుంది. మెట్ల మీద పడి గాయపడి ఇంట ఉన్నప్పుడు, బిడ్డలకు ఫ్రెంచిలో చెప్పలేకపోయినదంతా ఆమె అరబిక్‌లో నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఆమె పేదరికం మన ఇళ్ళలో లేకపోవచ్చు. బడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని పిల్లల చేత చదివించుకొనే తల్లులు మాత్రం, ఇంజనీర్ల ఇళ్ళలోనే, నాకు ఎందరో తెలుసు. దీనికి ఒక కారణం మన సదుపాయమే. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి రాకముందు జర్మన్ భాష వచ్చునన్న ధ్రువపత్రం అడగరు, ఆఫీసులో ఇంగ్లీషుతో భర్తకు సాగిపోతుంది, ఇక ఇంట్లో ఎవరికీ తొందర ఉండదు. జర్మనీలో కొత్తగా వచ్చినవారికి భాషనూ, దేశ విషయాలనూ నేర్పే ఇంటిగ్రేషన్ కోర్సులో 600 పాఠ్య గంటలు భాషకే కేటాయించారు; వచ్చిన మొదటి నెలలోనే దానికి దరఖాస్తు పెట్టండి. అడగకపోయినా హైదరాబాదులో జర్మన్ నేర్పే గోథే సెంటర్‌లో తొలి స్థాయి అయిన ఎ1 ముగించుకొని వస్తే, పాప బడిలో మొదటి తల్లిదండ్రుల సమావేశానికి మీరే వెళ్ళి మాట్లాడవచ్చును.