చేపల చెరువు: ఆఖరి నీటిని ఆపితే సగం గొడవ తీరుతుంది

ప్రశ్న: మాది మంచినీటి చేపల చెరువు. పట్టుబడి అయ్యాక నీరంతా కాలువలోకి వదిలేస్తాం. నీరు నల్లగా వస్తోందని, కంపు కొడుతోందని దిగువ రైతులు గొడవ పెడుతున్నారు. శుద్ధి యంత్రాలు పెట్టక తప్పదా?

జవాబు: యంత్రాల గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. అవి అమ్మేవాళ్లు వేరేలా చెబుతారనుకోండి. చెరువులోంచి మొదట వెళ్లే పై నీటితో పెద్ద ఇబ్బంది ఉండదు. చిక్కంతా చివర్లో మిగిలే 10–20 శాతం నీటితోనే. వల లాగినప్పుడు అడుగు బురద లేచి, చేపల విసర్జన, కుళ్లిన మేత అందులో కలుస్తాయి. దిగువవాళ్లకు నల్లగా కనిపించేది అదే.

అందుకని పై నీటిని తూము పలకల మీదుగా నెమ్మదిగా వదలండి. వల దించే ముందు తూము మూసేయండి. పట్టుబడి అయ్యాక మిగిలిన నీటిని రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి, తేటను మాత్రమే వదలండి. బరువైన మడ్డి కొన్ని గంటల్లోనే అడుగుకు దిగిపోతుంది. భాస్వరం చాలావరకు ఆ మడ్డికే అంటుకుని ఉంటుంది. అమ్మోనియా అలా కాదు, నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి మడ్డితో పాటు దిగదు. సన్నటి మడ్డి కూడా అడుగుకు చేరడానికే ఈ రెండు మూడు రోజులు. చేపలకు జబ్బేమీ రాకపోతే ఆ నీటిని పక్క చెరువుకు తోడుకోవడం ఇంకా మంచిది.

అసలు సంగతి మేత దగ్గర ఉంది. మేతలోని నత్రజని, భాస్వరంలో చేప ఒంటికి పట్టేది మామూలుగా పావు నుంచి మూడో వంతు. మిగతాదంతా నీళ్లపాలే. పైగా దాన్ని మీరు డబ్బు పెట్టి కొన్నారు! రంధ్రాల సంచుల్లో మేత కడుతుంటే, రెండు గంటల తర్వాత ఒక సంచి పైకి లాగి చూడండి. మేత మిగిలితే మర్నాడు తగ్గించండి. తేలే మేతైతే మిగిలింది కంటికే కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజున, చేపలు పొద్దున్నే నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్న రోజున మేత ఆపేయండి. పట్టుబడికి ముందు రోజు కూడా వద్దు.

అడుగు బురదను కాలువ గట్టున పోయకండి, వానకు మళ్లీ నీటిలోకే చేరుతుంది. ఎండబెట్టి పొలానికి తోలుకోవచ్చు.

దిగువ రైతులు తేట నీటిని పైరుకు పెట్టుకుంటామంటే సంతోషంగా ఇవ్వండి, కానీ అందులో నత్రజని ఉంటుంది కాబట్టి యూరియా కొంత తగ్గించుకోమని చెప్పండి. ఈమధ్య చెరువులో మందులేవైనా వాడి ఉంటే మాత్రం, వాటి ప్రభావం పోవడానికి చెప్పిన గడువు తీరేదాకా తూము తెరవకండి.