కొలతలు వాళ్లే తీశారు, గట్టు పాడైంది... నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న: లాయరు గారూ, మేము శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. పోయిన నెల విశాఖపట్నంలోని ఒక దుకాణంలో వంటగట్టులోకి దించి బిగించే గ్యాస్ పొయ్యి 18,500 రూపాయలకు కొన్నాం. ‘కొలతలు మీరు చూసుకోనక్కర్లేదు, మా మనిషే వస్తాడు, ఫిట్టింగ్ ఉచితం’ అన్నారు. వచ్చిన కుర్రాడు టేపుతో కొలిచి ఒక చీటీ మీద పెన్సిలుతో 23 x 20 అని రాసుకున్నాడు. మర్నాడు మిషనుతో గ్రానైట్ గట్టు కోశాడు. కోతకు 1,200 రూపాయలు అతని ఫోను నంబరుకే పంపాం. ఇప్పుడు పొయ్యి ఆ కన్నంలో వదులుగా ఊగుతోంది. పెద్ద గిన్నె పెడితే ఒక పక్కకు దిగుతోంది. దుకాణం వాళ్లను అడిగితే పొయ్యిలో లోపం లేదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం, కోసినవాడు మా ఉద్యోగి కాడు, కేసు వేసినా విశాఖలోనే వేసుకోవాలి అంటున్నారు. గట్టు మొత్తం కొత్తది వేయించకపోతే 40,000 రూపాయల అడ్వాన్సు ఇవ్వనని ఇంటి యజమాని అంటున్నారు. దుకాణం మీద, ఆ కుర్రాడి మీద పోలీసు కేసు పెట్టమని మా మరిది అంటున్నాడు. మాకు దారి ఏది?
(ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: అమ్మా, చట్టం సంగతి తర్వాత. ముందు ఆ పొయ్యిని వెలిగించడం ఆపండి. రెగ్యులేటరు ఆపేసి, పాత పొయ్యిని గట్టు మీద మరో చోట పెట్టుకుని వంట చేసుకోండి. ఊగే పొయ్యి కింద గ్యాస్ ట్యూబు ప్రతిసారీ కదులుతుంది. బిగింపు వదులైతే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే 1906 నంబరుకు ఫోన్ చేయండి. అది వంటగ్యాస్ లీకుల కోసమే ఉన్న అత్యవసర నంబరు.

మీరు పంపిన ఫొటోలు చూశాను. పొయ్యితో పాటు వచ్చిన పుస్తకంలోని బొమ్మ, కుర్రాడి చీటీ, గట్టు మీది కన్నం, మూడూ పక్కపక్కన పెట్టి లెక్క వేశాను. మీ కేసంతా ఆ లెక్కలోనే ఉంది కనుక కాస్త ఓపికగా చదవండి.

పుస్తకంలో రెండు కొలతలు ఉన్నాయి. పైన కనిపించే గాజు పలక 590 మిల్లీమీటర్ల పొడవు, 520 మిల్లీమీటర్ల వెడల్పు. గట్టులో కోయవలసిన కన్నం 560, 480. అంటే గాజు అంచు రాతి మీద రెండు పక్కలా 15 మిల్లీమీటర్ల చొప్పున, ముందూ వెనుకా 20 చొప్పున ఆనుకోవాలి. ఆ అంచు మీదే పొయ్యి బరువు, దాని మీది గిన్నె బరువు నిలబడతాయి.

చీటీ మీద ఉన్నవి అంగుళాలు. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు. 23 అంగుళాలంటే 584 మిల్లీమీటర్లు, 20 అంగుళాలంటే 508. కన్నం సరిగ్గా అంతే ఉంది. కనుక ఇప్పుడు మీ పొయ్యి పక్కలా మూడేసి మిల్లీమీటర్ల అంచు మీద, ముందూ వెనుకా ఆరేసి మిల్లీమీటర్ల అంచు మీద నిలబడి ఉంది. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో, పక్కల మీకు దక్కిన ఆసరా దాదాపు అంతే. కింది నుంచి పట్టుకోవలసిన క్లిప్పులకు రాయి అందడం లేదు.

ఈ 23, 20 ఎక్కడి నుంచి వచ్చాయి? గాజు పలకనే అంగుళాల్లో కొలిస్తే 23.2, 20.5 వస్తాయి. కుర్రాడు పుస్తకం తెరవలేదు. గాజును కొలిచి, చిల్లర వదిలేసి, ఆ అంకెలతోనే రాయి కోశాడు. కొలవవలసినది ఒకటైతే కొలిచింది మరొకటి అని ఆ చీటీయే చెబుతోంది. మా అమ్మమ్మ మట్టి పొయ్యి వేసుకునేటప్పుడు జానతో కొలిచేది. కొలత తప్పితే తడిమట్టి మెత్తి సరిచేసుకునేది. గ్రానైటు ఒకసారి తెగితే మళ్లీ అతకదు. అందుకే దాన్ని కోసేవాడు కొలత విషయంలో పడవలసిన జాగ్రత్త ఎక్కువ.

ఇప్పుడు దుకాణం వారి మొదటి మాటకు వద్దాం. ‘పొయ్యిలో లోపం లేదు.’ నిజమే, లేదు. మీ ఫిర్యాదులో పొయ్యి లోపభూయిష్టమని రాశారంటే మీ కాలు మీరే నరుక్కున్నట్టు. వారు పొయ్యిని పరీక్షకు పంపమంటారు, బాగుందని నివేదిక వస్తుంది, ఈలోగా నెలలు గడిచిపోతాయి. మీ ఫిర్యాదు సరుకు మీద కాదు, సేవ మీద. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(11) సేవాలోపాన్ని నిర్వచిస్తుంది. సేవ నాణ్యతలో, పని చేసిన తీరులో తప్పు, కొరత, నిర్లక్ష్యం ఉంటే అది సేవాలోపమే. కొలత తప్పుగా తీసి రాయి కోయడం దీని కిందికి వస్తుంది.

ఇలాంటి తగాదాల్లో నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. టేపు ఎవరి చేతిలో ఉంది? కొలతలు మీరే తీసి చెప్పి ఉంటే, దుకాణం మీ మాట నమ్మి పొయ్యి ఇచ్చి ఉంటే, కేసు వద్దని మీకు నేనే చెప్పేవాణ్ని. మీ విషయంలో కొలిచింది వారి మనిషి. చూసుకోనక్కర్లేదని భరోసా ఇచ్చింది వారు. ఆ భరోసా ఫోనులో సందేశంగా ఉందని రాశారు కనుక మీ పక్షం గట్టిగానే ఉంది.

‘ఫిట్టింగ్ ఉచితం’ అన్న మాటను వారు తప్పకుండా వాడుకుంటారు. ఉచితంగా చేసే సేవ సెక్షన్ 2(42) ప్రకారం సేవ కిందికే రాదు కదా అంటారు. దానికి జవాబు ఇది. ఫిట్టింగ్ విడిగా దానం చేసింది కాదు, 18,500 రూపాయల అమ్మకంలో భాగం. అది చేస్తామన్నందుకే మీరు ఆ పొయ్యి కొన్నారు. దాని ఖరీదు పొయ్యి ధరలోనే కలిసి ఉంది. పైగా కోతకు 1,200 విడిగా పుచ్చుకున్నారు. ఇక దాన్ని ఉచితం అని ఎలా అంటారు?

‘కోసినవాడు మా ఉద్యోగి కాడు’ అన్నది ఇంకా బలహీనమైన మాట. జీతం ఎవరిస్తారన్నది వారిద్దరి మధ్య సంగతి. మీకు అతన్ని తమ మనిషిగా చూపించి పంపింది దుకాణం. ఫలానావాడు మా తరఫున పని చేస్తున్నాడని ఎదుటివారు నమ్మేలా ప్రవర్తించినవారు, అతను చేసిన పనికి కట్టుబడాలని భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 237 చెబుతోంది. ‘రేపు పది గంటలకు మా అబ్బాయి వస్తాడు’ అని దుకాణం నంబరు నుంచి వచ్చిన సందేశాన్ని పోగొట్టుకోకండి. ఫిర్యాదులో దుకాణాన్ని మొదటి ప్రతివాదిగా, కుర్రాడిని రెండో ప్రతివాదిగా చూపండి. అతను పక్కన లేకపోతే తప్పంతా అతనిదేనని దుకాణం తప్పించుకోజూస్తుంది.

మీ మరిది గారి సలహా మాత్రం పాటించకండి. మోసం నేరం కావాలంటే మొదటి నుంచీ వంచించాలనే ఉద్దేశం ఉండాలి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 అదే అడుగుతుంది. రోజుకు ఇంత అని కూలికి పనిచేసే కుర్రాడు అజాగ్రత్తగా కొలిచాడు, అంతే. అతన్ని స్టేషను మెట్లు ఎక్కిస్తే మీ గట్టు బాగుపడదు, మీ డబ్బు రాదు. ఇది సివిల్ తగాదా. నష్టపరిహారం కట్టగలిగిన స్తోమత దుకాణానిది. మీ దృష్టి అక్కడే ఉండాలి.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అని బిల్లు మీద అచ్చు వేసుకున్నంత మాత్రాన చట్టం ఆగదు. లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోకపోయినా, లోపం ఉన్న సేవకు పుచ్చుకున్న డబ్బు బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వకపోయినా అది అనుచిత వ్యాపార విధానం. ఈ మాట సెక్షన్ 2(47)లో ఉంది. విశాఖ కోర్టుల పరిధి అన్న షరతు గురించి కూడా బెంగ వద్దు. 1986 నాటి పాత చట్టంలో ప్రతివాది ఉన్నచోటికో, వివాదం పుట్టినచోటికో వెళ్లాలి. 2019 చట్టం సెక్షన్ 34 ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసే చోట కూడా వేసుకోవచ్చని కొత్తగా చేర్చింది. పైగా మీ గట్టు కోసింది శ్రీకాకుళంలోనే. మీరు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. బస్సెక్కి విశాఖ తిరగవలసింది మీరు కాదు.

ఇంటి యజమాని విషయం వేరు. ఆయనకు దుకాణంతో సంబంధం లేదు. ఆయన ఇల్లు అద్దెకిచ్చింది మీకు. ఆస్తి బదిలీ చట్టం, 1882 సెక్షన్ 108 ప్రకారం అద్దెకున్నవారు ఇంటిని మామూలు అరుగుదల పోను, తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి. శాశ్వత నష్టం కలిగించే పని చేయకూడదు. ‘గట్టు పాడవకుండా పెట్టించుకోండమ్మా’ అని ఆయన పంపిన సందేశం మీ దగ్గర ఉంది. అది అనుమతే. కానీ పాడవకుండా అన్న షరతు కూడా అందులోనే ఉంది. ఆయన ఎదుట బాధ్యత మీదే అవుతుంది. ఆయనకు మీరు చెల్లించేదాన్ని దుకాణం నుంచి రాబట్టుకోవాలి. కమిషన్‌లో అడిగే నష్టంలో దాన్ని తప్పకుండా చేర్చండి.

అయితే గట్టు మొత్తం కొత్తది అనడం ఎక్కువ. మీ గట్టు టెక్కలి నీలి రాయితో వేసింది. క్వారీ మన జిల్లాలోనే ఉన్నా ఒక విడత రాయికీ మరో విడత రాయికీ రంగులో, చుక్కల్లో తేడా ఉంటుంది. ముక్క అతికితే కనబడుతుందన్న ఆయన బాధ నాకు అర్థమైంది. ఆయన ఆశపడి వేయించుకున్న రాయి అది. కానీ ఫొటోలో గట్టు మూడు పలకలుగా ఉంది. కోత పడింది మధ్య పలకలో. ఒక అతుకు నుంచి మరో అతుకు వరకు ఆ పలక మార్పించడం న్యాయమైన పరిహారం. మిగతా రెండు పలకల ఖర్చు మీ మీద వేయడం కుదరదు. అడ్వాన్సులో ఆ పలక ఖర్చు మించి పట్టుకుంటే ఆయనకూ నోటీసు ఇవ్వవచ్చు. ఆ అవసరం రాకుండా ముందే కూర్చుని మాట్లాడుకోండి. మీరు రేపూ ఆ ఇంట్లో ఉండవలసినవారు.

ఇక చేయవలసిన పని. కన్నాన్ని అప్పుడే పూడ్పించకండి. పూడిస్తే సాక్ష్యం పోతుంది. టేపు కన్నానికి అడ్డంగా పెట్టి, అంకెలు కనబడేలా పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. పుస్తకంలోని కొలతల పేజీని, పెట్టె మీది మోడల్ నంబరును కూడా తీయండి. దుకాణంతో సంబంధం లేని గ్రానైట్ మేస్త్రీ చేత ఆ పలక మార్చడానికి ఎంత అవుతుందో కాగితం మీద రాయించి, తేదీతో సంతకం పెట్టించండి. తర్వాత దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజుల్లో మనిషిని పంపి చూసుకోమని, పలక మార్పించి పుస్తకంలోని కొలత ప్రకారం పొయ్యి బిగించమని, లేదా పొయ్యి తీసుకుని డబ్బు, గట్టు ఖర్చు ఇవ్వమని రాయండి. నా మటుకు మొదటి కోరికే మేలనిపిస్తుంది. పొయ్యి మంచిదే, మీరు ఇష్టపడి కొన్నదే. దీంతో పాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేసి నమోదు చేయించండి. తెలుగులో మాట్లాడవచ్చు. చిన్న మొత్తాల తగాదాలు చాలావరకు అక్కడే తెగిపోవడం చూశాను.

తెగకపోతే ఫిర్యాదు. మీరు చెల్లించిన ధర అయిదు లక్షల లోపు కనుక కమిషన్‌లో రుసుము లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కోత పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంది. నోటీసు అందాక ప్రతివాది 30 రోజుల్లో జవాబు వేయాలి. కమిషన్ ఇవ్వగలిగిన అదనపు గడువు 15 రోజులే. విచారణ అఫిడవిట్లు, కాగితాల మీదే జరుగుతుంది కనుక ఫోను సందేశాలు ప్రింటు తీసి, అవి మీ ఫోనులోవేనని తెలిపే ధ్రువపత్రాన్ని సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద జత చేయండి. పొయ్యి, కోత, పలక ఖర్చులతో పాటు మానసిక వేదనకు, కేసు ఖర్చులకు అడగండి. ఆ అంకె మాత్రం నమ్మదగినట్టు ఉండాలి. పద్దెనిమిది వేల పొయ్యికి అయిదు లక్షల వేదన అని రాస్తే చదివేవారికి మిగతా ఫిర్యాదు మీద కూడా గురి తప్పుతుంది. హోటల్ భోజనాల బిల్లులు పెట్టకండి. పాత పొయ్యి ఉండగా ఆ ఖర్చు ఎందుకయిందని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

తూనికలు కొలతల చట్టం, 2009 సెక్షన్ 11 ప్రకారం వ్యాపార లావాదేవీలో కొలతలు మెట్రిక్ ప్రమాణంలోనే చెప్పాలి. అంగుళాల చీటీ దానికి విరుద్ధం. దీన్ని వేరే ఫిర్యాదుగా సాగదీయకుండా ఒక్క వాక్యంగా రాయండి. తయారీదారు మిల్లీమీటర్లలో ఇచ్చిన కొలతను వదిలి అంగుళాల్లో కొలవడం వల్లే తప్పు జరిగిందని చెప్పడానికి అది అక్కరకు వస్తుంది.

ఆ చీటీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉందని రాశారు. ఈ రోజే తీసి ఫొటో తీయండి. తర్వాత ప్లాస్టిక్ కవరులో వేసి బీరువాలో పెట్టండి. వంటింటి ఆవిరికి, చేతి తడికి పెన్సిలు రాత త్వరగా చెరిగిపోతుంది.