ఎప్పుడూ ఒకవైపే పగలుండే గ్రహాన్ని గేమ్‌లో పెడితే, దాని మీద జీవం ఉండొచ్చా?

ఉండొచ్చు, తగినంత గాలీ నీళ్లూ ఉంటే. నక్షత్రానికి బాగా దగ్గరగా తిరిగే గ్రహం దగ్గరి వైపు ఆకర్షణ ఎక్కువ, దూరపు వైపు తక్కువ. ఆ తేడా దాని ఆత్మభ్రమణానికి బ్రేకు వేస్తూ పోతుంది. చివరికి అది తన చుట్టూ తిరిగే కాలం, నక్షత్రం చుట్టూ తిరిగే కాలం ఒకటైపోతాయి. మైపాడు బీచ్‌లో చూసినా, ఒంగోలు మిద్దె మీద నుంచి చూసినా చందమామ ఒకే ముఖం చూపేది ఇందుకే.

అలాంటి గ్రహం అసలు తిరగదనుకుంటారు, తిరుగుతుంది. ఒకవైపు మాడి, రెండోవైపు గడ్డకట్టాల్సిందే అన్నదీ సరికాదు. గాలులు, సముద్రాలు వేడిని చీకటి వైపుకు మోస్తాయి. గేమ్‌కి అసలు సరుకు మాత్రం మధ్యలోని సంధ్య పట్టీలో ఉంది: అక్కడ సూర్యుడు కదలడు, మొక్కలన్నీ ఒకే దిక్కుకు వాలినట్టు గీయొచ్చు.