గెలిచే పంచాయతీ చేజారిపోకుండా: అల్లుడికి ఒక ఉత్తరం

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. సర్పంచ్ ఎన్నికకి మనవాళ్ళ తరఫున ఎవరిని నిలబెట్టాలో మీ కుర్రాళ్ళంతా కూర్చుని దాదాపు తేల్చేశారని అక్క ఫోన్లో చెప్పింది. "ఈసారి ఎవర్ని నిలబెట్టినా గెలుపు మనదే" అని నువ్వు అన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మన గోసాని బ్లాకులో చేతిలో ఉన్న పంచాయతీని పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. నామినేషన్లకి ముందు వాళ్ళంతా అన్నది ఈ మాటే.

ఓట్లు ఎలా పోతాయో ముందు లెక్క చూడు. మన పంచాయతీలో 1,000 ఓట్లున్నాయనుకో. 600 మనవి, 400 అవతలివాళ్ళవి. మన మనిషి మీద జనానికి మనసు విరిగితే వాళ్ళు వెళ్ళి అవతలివాళ్ళకి వేసేస్తారని మీరు భయపడతారు. అలా వేసేవాళ్ళు తక్కువ. ఓ 120 మంది అసలు ఓటు వేయడానికే రారు. అలిగిన మనవాడే ఒకడు రెబల్‌గా నిలబడి 100 పట్టుకుపోతాడు. మనకి మిగిలేవి 380. అవతలివాళ్ళు కొత్తగా ఒక్క ఓటూ సంపాదించకుండా, తమ 400తోనే గెలుస్తారు.

అలా ఓటుకి రాని 120 మంది ఎవరో నీకు తెలుసు. విశాఖపట్నంలో, హైదరాబాదులో, సూరత్‌లో పనికి వెళ్ళిన మన పిల్లలు వాళ్ళలో చాలామంది. సెలవు పెట్టుకుని, ఛార్జీలు పెట్టుకుని, ఒక్క ఓటు కోసం వాళ్ళు రావాలంటే ఆ మనిషి మీద గౌరవం ఉండాలి. మీరు బస్సు పెట్టినా, గౌరవం లేకపోతే ఏదో ఒక వంక చెప్పి ఆగిపోతారు.

మనకి దగ్గర్లోనే జరిగిన పాత సంగతి ఒకటి చెబుతాను. బొబ్బిలి రాజావారు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా ఉండగా, 1937 ఎన్నికల్లో తన సొంత బొబ్బిలిలోనే ఓడిపోయారు. ఓడించింది మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు. ఓటు హక్కు ప్రధానంగా ఆస్తి ఉన్నవాళ్ళకీ, పన్ను కట్టేవాళ్ళకీ ఉన్న రోజులవి. జమీ ఆయనది, పలుకుబడి ఆయనది, పదవి ఆయనది. కాంగ్రెస్ గాలి బలంగా వీచిన మాట నిజమే. కానీ జనం పంటకి ధర లేక అల్లాడుతుంటే మంత్రులు నెలకి 4,333 రూపాయల జీతం తగ్గించుకోకపోవడం పత్రికల్లో పెద్ద చర్చ అయింది. శిస్తు భారంతో నలిగిపోతున్న రైతుకి ఆ అంకె ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు. కావాలనుకుంటే ఒక్క సంతకంతో సరిదిద్దుకోగలిగిన లోపం అది.

మీరనుకుంటున్న మనిషి చెడ్డవాడని నేననను. అర్ధరాత్రి ఎవరికి నొప్పులొచ్చినా సొంత బండి పంపిన మనిషి. మందు తాగుతాడనో, నోరు పెద్దదనో ఊరు అతన్ని కాదనదు. అవన్నీ జనం ఎప్పుడో చూసి సర్దుకున్నారు. నాకు భయం ఆవాస్ పథకం కింద సర్కారు ఇచ్చే ఇళ్ళ జాబితా సంగతి. పేరు ఎక్కించడానికి కొందరి దగ్గర డబ్బు తీసుకున్నాడని మహిళా సంఘాల్లో చెప్పుకుంటున్నారు. ఉపాధి పని మస్టర్లలో పనికి రానివాళ్ళ పేర్లు రాయించాడని కూడా అంటున్నారు. నిజమో కాదో నాకు తెలియదు, నువ్వు తేల్చుకోవాలి. నిజమైతే మాత్రం ఇలాంటిది జనం మర్చిపోరు. తన పుస్తెలు తాకట్టు పెట్టి డబ్బిచ్చిన ఆడమనిషి ఐదేళ్ళయినా మర్చిపోదు. రేపు నువ్వు కరపత్రం పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడితే ఆమె కోప్పడదు కూడా. "సరే బాబూ" అంటుంది. నువ్వు ఆ ఓటు మన లెక్కలో రాసుకుంటావు.

ఇంకో నష్టం మీ కార్యకర్తలకి. ప్రతి ఇంటి దగ్గరా అదే ప్రశ్న వస్తుంది. రోడ్డు గురించి, మంచినీళ్ళ గురించి చెబుదామని వెళ్ళిన కుర్రాడు ఆ మనిషిని సమర్థించుకోవడంతోనే సాయంత్రం చేస్తాడు. నాలుగు రోజులు పోయాక ప్రచారానికి రావడం మానేస్తాడు.

హింజిలిలో ఏమైందో చూశావు కదా. అప్పటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ గారు 2019 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ 60 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. 2024లో అది 4,636కి పడిపోయింది. రెండో సీటు కాంటాబంజిలో ఓడిపోయారు. ఆయన మంచితనాన్ని శంకించినవాళ్ళు తక్కువ. కానీ ఆయన దగ్గర కార్యదర్శిగా పనిచేసిన మాజీ ఐఏఎస్ అధికారి పాండియన్ గారి పేరు చెప్పి "అసలు పెత్తనం ఎవరిది?" అని ప్రతిపక్షం ఊరూరా అడిగింది. ఇరవై నాలుగేళ్ళ పాలన తర్వాత జనంలో విసుగూ ఉంది, కారణం అదొక్కటే అని నేననను. కానీ ఆ ప్రశ్న మన పంచాయతీకీ వస్తుంది. సీటు మహిళలకి రిజర్వ్ అయితే అతని భార్యని నిలబెడదామని మీ దగ్గర ఇంకో ఆలోచన ఉందని విన్నాను. ఆ అమ్మాయి స్వయంగా ఊరంతా కూర్చునే పల్లీసభలో నిలబడి మాట్లాడగలిగితేనే ఆ పని చేయండి.

కాగితాల సంగతి కూడా చూసుకో. ఒడిశాలో సర్పంచ్‌గా నిలబడాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలని పంచాయతీ చట్టంలోనే ఉంది. మన తెలుగువాళ్ళలో ఒడియా గడగడా మాట్లాడేవాళ్ళు బోలెడుమంది, చదవమంటే తడబడతారు. గెలిచాక అవతలివాళ్ళు కోర్టుకెక్కితే పదవి పోతుంది. అతని చేతికి ఒక ఒడియా పేపరిచ్చి చదివించు, నాలుగు లైన్లు రాయించు. పిల్లల సంఖ్య మీద నిబంధన ఉంది, కేసులుంటే అఫిడవిట్‌లో రాయాలి. ఇవన్నీ బ్లాకు ఆఫీసులో అడిగి తెలుసుకో.

ఇక చేయాల్సింది. అతన్ని పదిమందిలో అడగొద్దు. పెద్దవాళ్ళని ఇద్దర్ని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళి, డబ్బు సంగతి సూటిగా అడుగు. తీసుకున్నది నిజమే అంటే నామినేషన్ లోపే ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేసి, పల్లీసభలో తన నోటితో తనే చెప్పమను. ఒడియా వీధిలోకీ, కొండ మీద సవర గూడేలకీ కూడా వెళ్ళి చెప్పాలి. అక్కడి ఓటు లేకుండా ఒక్క తెలుగు వీధితో ఈ పంచాయతీ రాదు. అలా చేస్తే నేనే వచ్చి అతని కోసం ఇల్లిల్లూ తిరుగుతాను. ఒప్పుకోకపోతే వేరే మనిషిని చూడండి, అతను అలిగినా సరే. ఆ అలకని ఇప్పుడైతే పెద్దలు తీర్చగలరు. నామినేషన్ల గడువు దాటితే ఎవరివల్లా కాదు.

అక్కకీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

మీ మావయ్య