నష్టపరిహారం యజమానులకు దక్కింది

ప్రశ్న: బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు పెద్ద మొత్తంలో నష్టపరిహారం చెల్లించిందనీ, అది బానిసలకు కాక వారి యజమానులకు ముట్టిందనీ చదివాను. ఇది నిజమేనా? అలా ఎందుకు చేశారు? ఆ తరువాత చెరకు తోటల్లో పని ఎవరు చేశారు?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నిజమే. 1833 నాటి చట్టం ప్రకారం బ్రిటిష్ పార్లమెంటు మంజూరు చేసిన 2 కోట్ల పౌండ్లలో ఒక్క పౌండు కూడా దాస్యం అనుభవించినవారికి చేరలేదు. అప్పటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో ఇది దాదాపు 40 శాతం. అంత డబ్బు ఖజానాలో లేనందున ప్రభుత్వం 1835లో నేథన్ రోత్‌షీల్డ్, మోజెస్ మాంటిఫయోరీల నాయకత్వంలోని లేవాదేవీదారుల నుంచి కోటిన్నర పౌండ్లు అప్పు తెచ్చింది. అది ప్రభుత్వ రుణాల్లో కలిసిపోయి, చివరి బాకీ 2015లో గానీ తీరలేదు. అంటే కరీబియన్ దీవుల నుంచి వచ్చి బ్రిటన్‌లో స్థిరపడిన నల్లజాతివారు కూడా, తమ పూర్వీకులను కొన్నవారికి ఇచ్చిన సొమ్ము తాలూకు అప్పును తమ పన్నులతో తీర్చారన్నమాట. ఈ ఒక్క సంగతి నన్ను కలవరపెట్టినంతగా ఈ చరిత్రలో మరేదీ కలవరపెట్టదు.

అలా ఎందుకు చేశారంటే, ఆనాటి చట్టం దృష్టిలో బానిస మనిషి కాదు, ఆస్తి. 1781లో జాంగ్ అనే ఓడ సిబ్బంది నీళ్లు సరిపోవన్న సాకుతో సుమారు 130 మంది ఆఫ్రికన్లను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. యజమానులు వారిని పోయిన సరుకుగా చూపి బీమా సొమ్ము అడిగారు. 1783లో లండన్ న్యాయస్థానం విచారించింది ఆ బీమా తగాదానే గానీ, హత్యానేరం మోపి ఎవరినీ బోను ఎక్కించలేదు. అర్ధ శతాబ్దం తరువాత కూడా పార్లమెంటులో తోటల యజమానుల పలుకుబడి బలంగానే ఉంది. రాజ్యం అనుమతించిన ఆస్తిని రాజ్యమే పరిహారం లేకుండా లాక్కుంటే రేపు ఏ ఆస్తికీ భద్రత ఉండదన్నది వారి వాదన. మరోవైపు 1831 క్రిస్మస్ సమయంలో శామ్యూల్ షార్ప్ నాయకత్వాన జమైకాలో వేలాది మంది బానిసలు తిరగబడ్డారు. షార్ప్‌తో సహా 300 మందికి పైగా మరణశిక్షకు గురైనా, పాత పద్ధతి ఇక సాగదని ఆ తిరుగుబాటు లండన్‌కు తెలియజెప్పింది. అప్పుడు బేరం మొదలైంది. వలస రాజ్యాల మంత్రి స్టాన్లీ మొదట కోటిన్నర పౌండ్ల అప్పు ఇస్తామన్నాడు. తోటల యజమానులు పట్టుబట్టడంతో అది 2 కోట్ల ఉచిత చెల్లింపుగా మారింది.

ఆ లెక్కలు కట్టిన తీరు చూస్తే విషయం ఇంకా స్పష్టపడుతుంది. 1822 నుంచి 1830 వరకు ఒక్కొక్క వలస రాజ్యంలో బానిసలు అమ్ముడుపోయిన ధరల సగటు తీసి, మనుషులను తరగతులుగా విడగొట్టారు: మేస్త్రీలు, చేతిపనివారు, పొలం కూలీలు, ఇంటి పనివారు, ఆరేళ్ల లోపు పిల్లలు, చివరగా వృద్ధులూ రోగులూ. ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క వెల. సుమారు 8 లక్షల మంది ఇలా లెక్కకెక్కారు. సొమ్ము కోరినవారిలో ప్రభువులు, మతాచార్యులు, బ్యాంకర్లే కాదు, ఇద్దరు ముగ్గురు బానిసల మీద వచ్చే ఆదాయంతో బతికే వితంతువులు కూడా ఉన్నారు.

విడుదల కూడా వెంటనే రాలేదు. 1834 ఆగస్టు 1న చాలా వలస రాజ్యాల్లో పూర్తి స్వేచ్ఛ దక్కింది ఆరేళ్ల లోపు పిల్లలకే. మిగిలినవారు అప్రెంటిస్‌లన్న పేరుతో పాత యజమాని దగ్గరే, వారంలో అధిక భాగం జీతం లేకుండా పనిచేయాల్సి వచ్చింది. పరిహారంలో కొంత భాగాన్ని బానిసలే తమ శ్రమతో చెల్లించారనడం అతిశయోక్తి కాదు. తీవ్ర నిరసనల ఫలితంగా ఆ పద్ధతి 1838 ఆగస్టు 1న ముగిసింది. ఈస్టిండియా కంపెనీ పాలనలోని మన ప్రాంతాలకు 1833 చట్టం వర్తించనే లేదు. ఇక్కడ దాస్యానికి చట్టబద్ధమైన గుర్తింపు తొలగించడానికి 1843 వరకు ఆగారు.

ఇక మీ చివరి ప్రశ్న. స్వేచ్ఛ పొందినవారు తోటల్లో ఉండడానికి ఇష్టపడకపోవచ్చని యజమానులు ముందే ఊహించి భారతదేశం వైపు చూశారు. 1834 నుంచే మారిషస్‌కు ఒప్పంద కూలీల తరలింపు పెద్దఎత్తున మొదలైంది. మీ కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి కూడా తెలుగువారు ఓడలెక్కారు. అందుకే మారిషస్‌లో వారిని కోరంగీలని పిలిచేవారు. దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో ఈ పనికి పూనుకున్నవాడు జాన్ గ్లాడ్‌స్టన్, తరువాతి కాలపు ప్రధాని విలియం గ్లాడ్‌స్టన్ తండ్రి. సుమారు 2,500 మంది బానిసలకు గాను లక్ష పౌండ్లకు పైగా పరిహారం అందుకున్నవారిలో ఆయన ఒకడు. 1836 జనవరిలో ఆయన కలకత్తాలోని గిల్లాండర్స్ అర్బత్‌నాట్ సంస్థకు కూలీలు కావాలని రాశాడు. మారిషస్‌కు ఇప్పటికే పంపుతున్నామనీ, తాము వెళ్లే చోటేదో, ప్రయాణం ఎంత దూరమో ఆ కూలీలకు ఏమాత్రం తెలియదనీ ఆ సంస్థ బదులిచ్చింది. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు సుమారు 400 మంది భారతీయులను గయానా తీరానికి చేర్చాయి. అక్కడి అప్రెంటిస్‌ల విడుదలకు అప్పటికి ఇంకా మూడు నెలల గడువుంది.