రంగు, రాగం, రంగస్థలం

(నాటకాల్లో, సినిమాల్లో ఏళ్ల తరబడి నటించిన ఒక పెద్దాయన పాఠకుల ప్రశ్నలకు చెప్పిన జవాబులు.)

ప్రశ్న: రాగాలు సాగదీయడం వల్లే పద్య నాటకం పాడైందంటారు. నిజమేనా?

జవాబు: నేనూ సాగదీసినవాణ్ణే బాబూ. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వేశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఆ సీనులో అందరూ ఎదురుచూసే ‘ఇచ్చోటనే’ పద్యం నిజానికి గుర్రం జాషువా గారిది. అది ఎత్తుకోగానే వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాను. మూడోసారీ పాడాను.

చంద్రమతి వేషం వేసినావిడ లోహితాస్యుడి వేషం కుర్రాణ్ణి భుజాన వేసుకుని తెర పక్కన నిలబడి ఉంది. నేను ముగించేసరికి పిల్లాడు నిద్రపోయాడు, ఆవిడ చెయ్యి తిమ్మిరెక్కింది. స్టేజీ మీదికొచ్చి ‘నాయనా’ అని గొంతెత్తితే, జనం ఇంకా నా పద్యం గురించే మాట్లాడుకుంటున్నారు. బిడ్డ పోయిన తల్లి ఏడుపు ఎవరికీ పట్టలేదు. ఆ రాత్రి హార్మోనియం వాయించినాయన పెట్టె మూస్తూ, “నీ గొంతు వినపడిందిరా అబ్బాయ్, శ్మశానం కనపడలేదు” అన్నాడు. నాకు అన్నం సయించలేదు.

రాగం తప్పు కాదు. ఎదుటి పాత్రకు దక్కాల్సిన క్షణాన్ని లాక్కోవడం తప్పు. సహజ నటన గురించి పాతతరం రంగస్థల నటుడు బళ్లారి రాఘవ గారు అంత పట్టుబట్టింది ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

ప్రశ్న: ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్లే వేసేవారా?

జవాబు: చాలా నాటక సమాజాల్లో అంతే. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అయితే 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వారిది కుటుంబమంతా కలిసి ఆడే నాటకం. వాళ్ల ఆడపిల్లలే ఆడవేషాలు వేశారు. ఆ తల్లులకు మనం ఇవ్వాల్సినంత గౌరవం ఇవ్వలేదు.

ప్రశ్న: సినిమాలో మొదటి రోజు ఎలా గడిచింది?

జవాబు: కష్టంగా. చివరి వరుసకు వినపడేలా మాట్లాడటం అలవాటు కదా, మొదటి డైలాగుకే సౌండ్ చూసే అతను చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేశాడు. “కెమెరా మూడడుగుల దూరంలో ఉంది, దానికే చెప్పండి” అన్నారు డైరెక్టరు గారు. ఇంకో చిక్కు, కథలో చివర వచ్చే చావు సీను ఆ పొద్దున్నే తీశారు. నాటకంలో ఏడుపు దానంతటదే వస్తుంది, ముందు రెండు గంటల కథ నడిచి ఉంటుంది కాబట్టి. ఇక్కడ ఆ రెండు గంటలూ నేనే మనసులో నడిపించుకోవాలి. అందుకే షాటుకు ముందు ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. పొగరనుకున్నారు కొందరు.

ప్రశ్న: మా అబ్బాయి నటుడవుతానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?

జవాబు: వద్దనకమ్మా. చదువు మాత్రం ఆపనివ్వకు. ముందు పరిషత్తు నాటక పోటీలకు వెళ్లే ఏదైనా నాటక సమాజంలో ఏడాది ఉండనీ. తెర లాగనీ, తెర చాటు నుంచి డైలాగులు అందిస్తూ ప్రాంప్టింగ్ చెప్పనీ. అందరి డైలాగులూ నోటికొచ్చాక వేషం అడగమను.

ప్రశ్న: ఇప్పుడు అవకాశమొస్తే ఏ వేషం వేస్తారు?

జవాబు: ఆ కాటి సీనే. రోజూ పొద్దున్నే ఆ పద్యం రాగం లేకుండా మెల్లగా చదువుకుంటున్నాను. ఒక్కసారే చదువుతాను.