తక్కువ ధరలో ఎలక్ట్రిక్ గిటార్: ముందు నెక్, తరువాత పికప్

ప్రశ్న: రెండేళ్లుగా అకూస్టిక్ గిటార్ వాయిస్తున్నాను. అంతకుముందు కొంతకాలం కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. రూ. 20,000 లోపు ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కుని సినిమా పాటలు, రాక్ వాయించాలని, వీలైతే గమకాలతో చిన్న కీర్తనలు కూడా పలికించాలని ఉంది. దుకాణంలో మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగాలు) ఉన్న గిటార్ ఒకటి, రెండు హమ్‌బకర్లు (మరో రకం పికప్‌లు) ఉన్నది ఒకటి చూపించారు. నా చేతులు చిన్నవి కనుక సన్నని నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ భాగం) ఉన్నదే తీసుకోమంటున్నారు. దేన్ని ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఈ ధరలో దొరికే గిటార్లలో పికప్ నచ్చకపోతే తరువాత మార్చుకోవచ్చు, ఎత్తు సరిచేసుకోవచ్చు, యాంప్ (శబ్దాన్ని పెంచే పెట్టె) మీటలతో కొంతవరకు స్వరాన్ని దిద్దుకోవచ్చు. నెక్ విషయంలో అలాంటి వెసులుబాటు దాదాపు లేదు, ఎందుకంటే కొత్త నెక్ వేయించడానికయ్యే ఖర్చు ఒక్కోసారి గిటార్ ధరకే దగ్గరగా వస్తుంది. అందువల్ల మీ చేతికి ఇమిడే నెక్ ఏదో ముందు తేల్చుకుని, పికప్‌ల మాట ఆ తరువాత ఆలోచించమని నా సలహా.

చేతులు చిన్నవైతే సన్నని నెక్ తప్పనిసరి అన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. మరీ పలచని నెక్ మీద బొటనవేలికి ఆనిక చాలక, అరగంటకే అరచెయ్యి లాగేసే వారు చాలామంది ఉన్నారు. మందంతో పాటు చూడవలసినవి మరో మూడున్నాయి. మొదటిది నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర వెడల్పు. ఇది సాధారణంగా 41 నుంచి 43 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, ఆ రెండు మిల్లీమీటర్ల తేడా చేతికి స్పష్టంగా తెలుస్తుంది. రెండవది నట్ నుంచి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) వరకు తీగ మోగే పొడవు. ఫెండర్ తరహా గిటార్లలో ఇది 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ తరహా వాటిలో సుమారు 628. తీగలు ఒకే మందానివై, శ్రుతి కూడా ఒకటే అయితే, పొట్టి దానిలో బిగువు సుమారు 6 శాతం తగ్గుతుంది, ఫ్రెట్ల (నెక్ మీది లోహపు పట్టీల) మధ్య దూరం కూడా కాస్త తగ్గుతుంది. చిన్న చేతులకు సన్నని నెక్ కంటే ఈ పొట్టి పొడవే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

మూడవది, మీకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు అమర్చిన పలక) పైభాగపు వంపు. దాన్ని వృత్తవ్యాసార్ధంతో చెబుతారు. ఫెండర్ వారి చవక బ్రాండ్ స్క్వయర్ స్ట్రాటోకాస్టర్లలో అది 9.5 అంగుళాలు, యమహా పసిఫికాలో 13.75 అంగుళాలు. అంకె పెరిగేకొద్దీ ఫ్రెట్‌బోర్డ్ చదునుగా ఉంటుంది. గమకం కోసం తీగను పక్కకు లాగినప్పుడు, వంపు ఎక్కువైన బోర్డు మీద, ముఖ్యంగా తీగలు కిందికి ఉన్నప్పుడు, తీగ పై ఫ్రెట్లకు తగిలి నాదం మధ్యలోనే తెగిపోతుంది. చదునైన బోర్డు మీద ఆ ఇబ్బంది తక్కువ. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద నాలుగు జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలతో గమకాలు పలికించారని మీకు తెలిసే ఉంటుంది. గమకం పలకాలంటే తీగ వేలి మాట వినాలి. మీరు 9 నంబరు సన్న తీగల సెట్టు వేసుకోండి.

ఇక పికప్‌లు. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుడితే సింగిల్ కాయిల్ అవుతుంది. ఉక్కు తీగ కంపించినప్పుడు అందులో విద్యుత్తు పుడుతుంది. స్వరం తేటగా, మొన తేలి ఉంటుంది కానీ, గదిలోని కరెంటు మోతను కూడా అది పట్టుకుంటుంది. హమ్‌బకర్‌లో రెండు చుట్టలను విరుద్ధ దిశల్లో, విరుద్ధ ధ్రువాలతో అమరుస్తారు. మోత ఒకదానితో ఒకటి రద్దవుతుంది, తీగల నాదం మాత్రం కలిసి బలపడుతుంది. ఇంజనీరు సేథ్ లవర్ 1955లో గిబ్సన్ కంపెనీ కోసం రూపొందించినది ఇదే. డిస్టార్షన్ (స్వరాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెంచి రాక్ వాయించేటప్పుడు దీని అవసరం బాగా తెలుస్తుంది, ఎందుకంటే డిస్టార్షన్ మోతను కూడా పెంచుతుంది.

మీరు కోరుకుంటున్నది రెండు రకాల సంగీతం కనుక, దుకాణంలో చూపిన రెండింటికీ పరిమితం కాకుండా, బ్రిడ్జ్ దగ్గర హమ్‌బకర్, మిగిలిన రెండు చోట్ల సింగిల్ కాయిళ్లు ఉన్న అమరికను అడగండి. యమహా పసిఫికాలో ప్రారంభ మోడళ్లు ఇలాంటివే. 112వి మోడల్‌లో ఒక మీటను పైకి లాగితే హమ్‌బకర్ సింగిల్ కాయిల్‌గా మారుతుంది కూడా. దాని ధర మీ పరిధి దాటితే, బాగా చూసుకున్న పాతది వెతకడంలో తప్పులేదు. కీర్తనలకు నెక్ దగ్గరి పికప్ పెట్టి, డిస్టార్షన్ పూర్తిగా తీసేసి వాయించండి.

దుకాణంలో ముందు యాంప్ లేకుండానే గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కనీసం పావుగంట వాయించండి. మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ బారే కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నిటినీ ఒకేసారి నొక్కే పట్టు) పట్టండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర మొదటి రెండు తీగలను ఒక పూర్తి స్వరం మేర లాగి, నాదం తెగుతుందేమో వినండి. అరచేతిని నెక్ అంచు వెంట జార్చితే ఫ్రెట్ల చివరలు గీరుకుంటున్నాయో లేదో తెలిసిపోతుంది. కాకినాడ ఉక్కపోతలో చెమట పట్టిన చేతికి నిగనిగలాడే పాలిష్ అతుక్కుంటుంది కనుక, మెరుపు లేని నెక్ దొరికితే మంచిది. తీగలు ఎత్తుగా ఉన్నాయన్న ఒక్క కారణంతో మాత్రం గిటార్‌ను తిరస్కరించకండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్న తీగ 1.6 మిల్లీమీటర్లకు, మందపు తీగ 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండేలా, చేతనైనవారు సెటప్‌లో సరిచేస్తారు. ఆ సెటప్‌కీ, చిన్న యాంప్‌కీ కొంత డబ్బు విడిగా ఉంచుకోండి.

ప్రశ్న: పాత స్ట్రాటోకాస్టర్ తరహా (మూడు సింగిల్ కాయిళ్ల) గిటార్ కొన్నాను. యాంప్‌కు కలిపితే గుంయ్ మంటోంది, తీగలను ముట్టుకోగానే తగ్గుతోంది. పికప్‌లు పాడయ్యాయా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పికప్‌లు బాగానే ఉండి ఉంటాయి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది, సింగిల్ కాయిల్ ఆ మోతను అందుకుంటుంది. బ్రిడ్జ్ ద్వారా తీగలను గిటార్ గ్రౌండుకు కలిపి ఉంచుతారు కనుక, మీరు ముట్టుకోగానే మీ ఒంటి ద్వారా చేరే మోత కూడా తగ్గుతుంది. ఐదు స్థానాల స్విచ్‌ను రెండో స్థానంలో గానీ నాలుగో స్థానంలో గానీ పెట్టి చూడండి. మధ్య పికప్‌ను తిరగేసి చుట్టి ఉంటే అక్కడ మోత దాదాపు పోతుంది. ట్యూబ్‌లైటుకు, ఛార్జర్లకు దూరంగా కూర్చోవడం, పికప్‌లున్న గుంతలకు రాగి రేకు అతికించి గ్రౌండుకు కలపడం కూడా పనిచేస్తాయి. అయితే తీగలు ముట్టుకున్నప్పుడు మోత పెరిగినా, వేళ్లకు చిన్నపాటి షాక్ తగిలినా, వెంటనే వాయించడం ఆపి, ప్లగ్ తీసి, ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్షింపజేయండి. యాంప్‌ను రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎన్నడూ పెట్టకండి.